ఆకలి జాడ: కడుపు నుంచి మెదడుకు

1912లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాష్‌బర్న్ అనే యువకుడు రబ్బరు గొట్టానికి కట్టిన బుడగను మింగి కూర్చున్నాడు. ఆకలి తెలిసినప్పుడల్లా మీట నొక్కడం అతని పని. కడుపు ముడుచుకున్న ప్రతిసారీ దాదాపుగా మీట పడింది. ఆకలి పుట్టేది కడుపులోనే అని అతని గురువు వాల్టర్ కానన్ తేల్చాడు. కడుపు మాడుతోందనీ, కడుపు నిండిందనీ అనుకునే మనకూ ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. కానీ జబ్బు చేసి కడుపు పూర్తిగా తీసేసిన రోగులకూ ఆకలి వేస్తూనే ఉంది!

అసలు జాడ అంతకుముందే వియన్నాలో కనిపించింది. 1901లో ఆల్ఫ్రెడ్ ఫ్రోలిష్ అనే వైద్యుడు, మెదడు అడుగున కణితి ఉన్న ఒక బాలుడు విపరీతంగా లావెక్కాడని రాశాడు. తప్పు పిట్యూటరీ గ్రంథిదా, దాని పైనున్న హైపోథాలమస్‌దా అన్న వాదం నాలుగు దశాబ్దాలు నడిచింది. 1940లో హెదరింగ్టన్, రాన్సన్ అనే శాస్త్రవేత్తలు పిట్యూటరీ జోలికి పోకుండా హైపోథాలమస్‌ను మాత్రమే గాయపరిస్తే ఎలుకలు బాగా లావెక్కాయి. దాంతో వాదం తేలింది.

ఈ కథలో మనవాడొకడున్నాడు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన భారతీయ శాస్త్రవేత్త బాల్ క్రిషన్ ఆనంద్, జాన్ బ్రోబెక్‌తో కలిసి 1951లో హైపోథాలమస్ పక్క భాగాన్ని పరీక్షించాడు. అక్కడ రెండు వైపులా చిన్న గాయం చేస్తే చాలు, ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా ముట్టకుండా శుష్కించి చచ్చిపోయాయి. అదే 'ఆకలి కేంద్రం'. స్వదేశానికి తిరిగొచ్చాక ఆయన ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీరధర్మ శాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దాడు. రక్తంలో గ్లూకోజు మారినప్పుడు హైపోథాలమస్‌లోని ఇలాంటి కేంద్రాల విద్యుత్ చలనం ఎలా మారుతుందో ఆయన బృందం 1962లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. ఆకలిని నడిపేది ఒకటి రెండు కేంద్రాలు కాదు, పెద్ద నాడీ యంత్రాంగమని తర్వాత తెలిసింది. అయినా ఆ దారి వేసినవారిలో ఆనంద్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఒంట్లో కొవ్వు ఎంత ఉందో మెదడు లెక్క చూసుకుంటుందని 1953లో కెనెడీ అనే శాస్త్రవేత్త ఊహించాడు. ఆ లెక్క మోసుకెళ్లే హార్మోను లెప్టిన్ 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ ప్రయోగశాలలో దొరికింది.

అదే ఏడాది బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నుంచి అంత హడావుడి లేని మరో పరిశోధన వచ్చింది. సూసన్ రాబర్ట్స్ బృందం యువకుల్లోనూ వయసు మళ్లిన మగవాళ్లలోనూ కొందరికి 21 రోజులు అవసరానికి మించి, కొందరికి అవసరానికి తక్కువగా పెట్టింది. తర్వాత ఇష్టమొచ్చినంత తినమంది. యువకులు పెరిగిన బరువుకు తగ్గట్టు తిండి తగ్గించారు, తగ్గిన బరువుకు తగ్గట్టు పెంచారు. ఎవరూ చెప్పకుండానే ఒళ్లు సర్దుకుంది. పెద్దవాళ్లలో ఆ సర్దుబాటు జరగలేదు. వయసుతో సడలేది ఆకలి ఒక్కటే కాదు, తప్పిన లెక్కను సరిచేసుకునే శక్తి కూడా.

ఆ సడలింపు నడివయసులో ఒక రకంగా, వృద్ధాప్యంలో మరో రకంగా బయటపడుతుంది. నడివయసు పొట్టకు జీవక్రియ మందగించడమే కారణమని అందరూ అనుకునేవారు. కానీ 20 నుంచి 60 ఏళ్ల దాకా అది దాదాపు నిలకడగానే ఉంటుందని 2021లో హెర్మన్ పాంట్జర్ బృందం చూపింది. జపాన్‌లోని నగోయా శాస్త్రవేత్తలు 2024లో మరో కారణం చూపారు: చాలు అనే సంకేతాన్ని అందుకునే నాడీకణాల మీది సన్నని నూగు ఎలుకల్లో వయసుతో పొట్టిదవుతోంది. అతిగా తింటే ఆ కురచతనం ఇంకా తొందరగా వస్తోంది.

ముసలితనానికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. వృద్ధుల్లో ఆకలి మందగించడాన్ని 1988లో జాన్ మోర్లీ ప్రత్యేక సమస్యగా గుర్తించాడు. వారిలో కొద్ది తిండికే నిండుదనం వస్తుంది, రుచీ వాసనా తగ్గుతాయి. దాహమూ అంతే. 24 గంటలు నీళ్లు లేకుండా ఉంచినా ఆరోగ్యవంతులైన వృద్ధులకు యువకులంత దాహం వేయలేదని 1984లోనే తేలింది.

కాబట్టి ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో "నాకు ఆకలి లేదురా" అంటే వయసు అంతేలే అని కంచం తీసేయకండి. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గకుండా చూడండి. నెలకోసారి బరువు చూడండి. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే వైద్యుడికి చూపించండి.