మక్కా మసీదు: ఆలస్యంగా చూసిన ఒక చరిత్ర

చార్మినార్ సమీపంలోని ఒక కార్యాలయంలో నేను పదకొండు సంవత్సరాలు పనిచేశాను. రోజూ బస్సు దిగి మక్కా మసీదు గేటు ముందు నుంచే నడిచి వెళ్ళేవాణ్ణి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ రోడ్డు నిండిపోతే సందులు చుట్టి ఆఫీసుకు చేరేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. రిటైరైన చాలా కాలానికి, ఒక నవంబరు నెలలో జీవిత ధ్రువపత్రం ఇవ్వడానికి పాతబస్తీ వెళ్ళినప్పుడు, మా సెక్షన్‌లో నా పక్క కుర్చీలో పనిచేసిన భాయ్ సాబ్ కనిపించి, “ఎన్నేండ్ల సంది చెప్తున్న రావు సాబ్, ఇవాళ విడిచిపెట్టను, రాండ్రి” అని చేయి పట్టుకొని తీసుకువెళ్ళారు.

ఈ మసీదుకు 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా పునాది వేశాడు. హైదరాబాదు నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాకు ఈయన అల్లుడు, తరువాతి సుల్తాను. శంకుస్థాపన గురించి ఒక కథ చెబుతారు. జీవితంలో ఏనాడూ అర్ధరాత్రి ప్రార్థన తప్పనివారు ముందుకు వచ్చి మొదటి రాయి వేయాలని సుల్తాను కోరాడట. అంతమంది పెద్దల్లో ఎవరూ కదలలేదట. చివరకు తానే ఆ రాయి వేశాడట. కథ ఎంతవరకు నిజమో గాని, మన ఆఫీసుల్లో “హాజరు ఏనాడూ తప్పనివారు చేతులెత్తండి” అంటే ఏమయ్యేదో ఊహించుకుంటే నాకు నవ్వు వచ్చింది.

పని పర్యవేక్షణ మీర్ ఫైజుల్లా బేగ్, రంగయ్య చౌదరి అనే ఇద్దరికి అప్పగించారని చెబుతారు. ఆ రెండో పేరు భాయ్ సాబ్ నోటి నుంచి విన్నప్పుడు నేను ఆగిపోయాను. రాజుల పేర్లు రాళ్ళ మీద ఉండటం మామూలే. పని చేయించిన ఉద్యోగుల పేర్లు ఇన్ని వందల ఏళ్ళు జనం నోట నిలవడం అరుదు. జీవితమంతా ఇతరుల సంతకం కోసం ఫైళ్ళు తయారుచేసిన మనబోటివారికి దాని విలువ ఎక్కువ తెలుస్తుంది.

పని మాత్రం తరాల తరబడి సాగింది. మహమ్మద్ కుతుబ్ షా 1626లో కన్నుమూశాడు. తరువాత అబ్దుల్లా కుతుబ్ షా, ఆ తరువాత తానీషా వచ్చారు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ దీన్ని కట్టుతుండగా చూశాడు. ప్రార్థన దిక్కున ఉన్న గూడు మొత్తం ఒకే బండ అనీ, దాన్ని గనిలోంచి తీయడానికి ఐదారు వందల మందికి ఐదేళ్ళు పట్టిందనీ, ఇక్కడికి లాగడానికి 1,400 ఎద్దులు కావలసి వచ్చాయని తనకు చెప్పారనీ రాసుకున్నాడు. ఆ బండ ముందు నిలబడితే ఆ లెక్క అతిశయోక్తి అనిపించదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. మిగిలిన పని ఆయన కాలంలో, 1694లో ముగిసింది. అంటే 77 సంవత్సరాలు. మొదటి రాయి మోసిన కూలీల మనుమలు చివరి రాయి మోసి ఉండాలి. మినార్లు మొదట తలపెట్టినంత ఎత్తు లేవలేదనీ, ఉన్నచోట ముగించారనీ అంటారు.

లోపలి హాలు సుమారు 220 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, 75 అడుగుల ఎత్తు. పదిహేను కమానులు పైకప్పును మోస్తున్నాయి. పదివేల మంది ఒకేసారి నమాజు చేయవచ్చునట. మధ్య కమానుకు మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు వాడారని చెబుతారు. పేరు అందువల్లనే వచ్చింది. ప్రాంగణంలోకి వెళ్ళగానే ఎడమవైపు అసఫ్‌జాహీల సమాధులున్నాయి. రెండవ నిజాం నుంచి 1911లో మరణించిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వరకు నిజాములు అక్కడే ఉన్నారు. ఏడవ నిజాం మాత్రం కింగ్‌కోఠీలోని జూదీ మసీదులో ఉన్నారు. ఆయన మనుమడు ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే, ఇక్కడికే తీసుకువచ్చి ఖననం చేశారు.

పావురాల మధ్య నడిచి కొలను దగ్గరకు వెళ్ళాం. అక్కడ భాయ్ సాబ్ కొంతసేపు మాట్లాడలేదు. 2007 మే 18, శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది ఈ ఆవరణలోనే. నమాజుకు వచ్చినవారిలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత బయట జరిగిన పోలీసు కాల్పుల్లో మరికొందరు పోయారు. విచారణ ఎదుర్కొన్నవారిని 2018లో ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ శుక్రవారం భాయ్ సాబ్ పెద్దబ్బాయి కూడా లోపలే ఉన్నాడట. రెండు గంటలు ఆచూకీ తెలియలేదట. “ఆస్పత్రుల చుట్టూ తిరిగిన సాబ్, ఇంటికొస్తే వాడు గడప మీద కూర్చొని ఉన్నడు” అన్నారు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆ సంగతి నాకు చెప్పలేదు. నేనూ ఆ రోజు ఫోను చేసి అడగలేదు. మర్నాటి శుక్రవారం ఇంట్లోవాళ్ళు వద్దన్నా తండ్రీకొడుకులిద్దరూ ఇక్కడికే వచ్చారట.

ఇక్కడ రంజాన్ చివరి శుక్రవారం జుమ్మతుల్ విదా నాడు వరుసలు ఆవరణ దాటి చార్మినార్ దాకా సాగుతాయి. ఆ నెలంతా ముస్లిం ఉద్యోగులకు గంట ముందుగా వెళ్ళే వెసులుబాటు ఉండేది గదా! భాయ్ సాబ్ లేచి వెళితే ఆయన టప్పా నేను చూసేవాణ్ణి. దసరాకు, సంక్రాంతికి నా పని ఆయన చూసేవారు. ఏ జీవోలోనూ లేని ఏర్పాటు అది. పండుగ తరువాత షీర్ ఖుర్మా డబ్బా నా బల్ల మీద ఉండేది.

కొలను పక్కన రాతి బల్లలున్నాయి. వాటి మీద కూర్చున్నవారు మళ్ళీ హైదరాబాదు వస్తారని జనం నమ్మకం. పెద్దబ్బాయి ఉద్యోగానికి జెడ్డా వెళ్ళేముందు వాళ్ళ అమ్మ బలవంతాన అక్కడ కూర్చోబెట్టిందట. ప్రతి రంజాన్‌కూ వస్తున్నాడు. నన్నూ కూర్చోమన్నారు. “నేను ఎక్కడికి పోతాను భాయ్ సాబ్, ఉండేది దిల్‌సుఖ్‌నగర్ గదా” అన్నాను. “అక్కడినుంచి ఇక్కడికి రానీకి మీకు ఇన్నేండ్లు పట్టింది, కూర్చోండ్రి” అన్నారు. కూర్చున్నాను.

చెప్పులు తొడుక్కుంటుండగా భాయ్ సాబ్ డీఏ బకాయిల సంగతి ఎత్తారు. మదీనా దగ్గర చాయ్ తాగేదాకా ఇక అదే మాట.