తెనాలి, బాపట్ల, రేపల్లె: దూరము, కాలము

పటముపై తెనాలి, బాపట్ల, రేపల్లెలను మూడు గీతలతో కలిపినచో ఒక త్రిభుజ మేర్పడును. ఆకాశమార్గమున కొలిచినచో తెనాలికి రేపల్లె సుమారు 33 కిలోమీటర్లు, తెనాలికి బాపట్ల 42, రేపల్లెకు బాపట్ల 43. పెద్దల లెక్కలో ఏ భుజమును నాలుగామడలకు మించదు. అయినను ఈ మూడింటిని దాటుటకు పట్టు కాలము ఎన్నడును సమానముగా లేదు. దూరమును ప్రకృతి నిర్ణయించినది. కాలమును మాత్రము ఆయా తరములవారు వేసిన దారులు నిర్ణయించినవి. ఆ దారుల చరిత్రను ఒకింత పరికింతము.

1855లో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియైన పిదప పడమటి డెల్టాలో కాలువలు విస్తరించినవి. అవి చేలకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలును అయినవి. దుగ్గిరాల నుండి సాగు కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగ్‌హాము కాలువతో కలియుటచే, ఇచ్చటి ధాన్యపు పడవ చెన్నపట్టణము వరకు పోగలిగెను. కాని లాకు లాకునకు ఆగవలెను. గాలి అనుకూలింపనప్పుడు గట్టుపై మనుషులు త్రాటితో పడవను లాగవలెను. వేసవిలో కాలువ కట్టివేసినచో ప్రయాణమే లేదు.

1893లో బెజవాడ వద్ద కృష్ణపై రైలు వంతెన సిద్ధమైనది. 1899 నాటికి ఆ రైలుబాట చెన్నపట్టణముతో కలిసినది. తెనాలి, బాపట్ల రెండును ఆ ప్రధానమార్గముపైననే యున్నవి. పిదప మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేవారు 1916లో రేపల్లె శాఖను నిర్మించిరి. తెనాలి నుండి రేపల్లెకు ఈ బాట 34 కిలోమీటర్లు. ఆకాశమార్గము కంటె ఇంచుమించు ఒక్క కిలోమీటరే అధికము.

ఇట్లు త్రిభుజమునకు రెండు భుజములు రైలుతో అమరినవి. మూడవదానికి రైలు రాలేదు. రేపల్లెవాసి రైలులో బాపట్లకు పోవలెనన్న ఉత్తరమున తెనాలికి వచ్చి, బండి మారి, తిరిగి దక్షిణమునకు దిగవలెను. 43 కిలోమీటర్ల దూరము సుమారు 77 అగును. జంక్షనులో నిరీక్షణ అదనము.

తూర్పున కృష్ణానది మరియొక అడ్డంకి. రేపల్లెకు మచిలీపట్టణము ఆకాశమార్గమున 40 కిలోమీటర్లకు మించదు. రైలులో తెనాలి, విజయవాడ, గుడివాడల మీదుగా చుట్టి వచ్చినచో అది 140కి పైబడును. పెనుమూడి, పులిగడ్డల నడుమ బహుకాలము పడవలే ఆధారము. ఈ శతాబ్ది మొదటి దశకమున అచ్చట వంతెన వెలసినది. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు సాగు 216వ జాతీయ రహదారి ఆ వంతెనపై నది దాటి, రేపల్లె, బాపట్లల మీదుగా పోవుచున్నది. రైలు విడిచిన మూడవ భుజమును రోడ్డు పూరించినది.

ఇక విమానము. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనిక స్థావరముగా నుండిన గన్నవరము నేడు ఈ మూడు ఊళ్లకును దగ్గరి పెద్ద విమానాశ్రయము. అచ్చటినుండి హైదరాబాదు ఆకాశమార్గమున సుమారు 260 కిలోమీటర్లు; ప్రయాణము గంటసేపు. కాని రేపల్లె నుండి గన్నవరము చేరుటకే అంతకంటె ఎక్కువ కాలము పట్టును. దిగిన పిదపను అంతే. 2008లో విమానములు బేగంపేట విడిచి శంషాబాదునకు తరలినందున, హైదరాబాదు నగరము చేరుటకు మరల రోడ్డునే ఆశ్రయింపవలెను. గగనమున మిగిలిన కాలము నేలపై ఖర్చగుచున్నది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినది. రేపల్లె అందు చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. నూరేండ్లకు పైగా రైలెక్కి తెనాలివైపు సాగిన రేపల్లెవారు ఇప్పుడు కలెక్టరు కచేరీలో అర్జీ ఇచ్చుటకు బాపట్ల పోవలెను. రైలు లేని భుజమే వారికి ముఖ్యమార్గమైనది. రేపల్లెలో బయలుదేరిన బస్సు బాపట్ల చేరులోగా, గన్నవరమున లేచిన విమానము హైదరాబాదులో దిగగలదు. పొలము పని మానుకొని అర్జీ చేతబట్టుకొని పోవు రైతునకు దూరమనగా కిలోమీటర్లు కావు, పోయి వచ్చుటకు పట్టిన పూట. కొత్త దారులు వేయువారు మొదట లెక్కింపవలసినది ఆ పూటనే.