శాసనసభ తొలి సమావేశం: కొత్త సభ్యుల విధులు

సార్వత్రిక ఎన్నికల తరువాత కొత్త రాష్ట్ర శాసనసభ మొదటిసారి కొలువుదీరినప్పుడు సభ్యులు ప్రమాణం చేసి సభ్యుల పట్టికలో సంతకం పెట్టాలి, స్పీకర్‌ను ఎన్నుకోవాలి, గవర్నర్ ప్రసంగాన్ని విని ధన్యవాద తీర్మానంపై చర్చించాలి. చూడటానికి ఇదంతా నాలుగు రోజుల లాంఛనమే. అయితే తొలిరోజు కుర్చీలో ఎవరు కూర్చోవాలి, ప్రమాణం ఎవరి పేరు మీద చేయాలి, ఏ భాషలో చేయాలి అన్న తగవులు కోర్టుల దాకా, కొట్లాటల దాకా వెళ్లిన సందర్భాలున్నాయి.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటించిన రోజే అభ్యర్థి ఎన్నికైనట్టు లెక్క. సభలో కూర్చోవడానికి మాత్రం అది చాలదు. రాజ్యాంగం 188వ అధికరణ కింద గవర్నర్ ఎదుటగానీ, ఆయన నియమించిన వ్యక్తి ఎదుటగానీ ప్రమాణం చేయాలి. ఈ రెంటి మధ్య ఉన్న తేడాను సుప్రీంకోర్టు 1984లో ఉత్తరప్రదేశ్ రాజ్యసభ ఎన్నిక వివాదంలో తేల్చింది. ఇంకా ప్రమాణం చేయని సభ్యుడు కూడా రాజ్యసభ అభ్యర్థిని ప్రతిపాదించవచ్చు, ఆ ఎన్నికలో ఓటూ వేయవచ్చు. ఎందుకంటే అది సభా కార్యకలాపం కాదు.

ప్రమాణం మీద తర్జనభర్జన స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఎన్నికైనవారు బ్రిటిష్ చక్రవర్తికి విధేయత ప్రకటించాలి. సంపూర్ణ స్వరాజ్యం కోరే కాంగ్రెస్ వారికి ఇది మింగుడుపడని సంగతి. 1937 మార్చిలో ఢిల్లీలో కాంగ్రెస్ శాసనసభ్యుల సదస్సు జరిపి, దేశ స్వాతంత్ర్యానికి కట్టుబడి ఉంటామని అక్కడ వేరే ప్రతిజ్ఞ చేశారు. ఆ తరువాతే సభల్లో రాజవిధేయత ప్రమాణం చదివారు. ఒకే నోటితో రెండు ప్రమాణాలన్నమాట. మద్రాసు శాసనసభలో 215 స్థానాలకు 159 గెలిచిన కాంగ్రెస్ ఆ ఏడాది జూలైలో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. మహర్షిగా పేరుపడ్డ బులుసు సాంబమూర్తి స్పీకర్‌గా ఎన్నికయ్యారు.

1950లో రాజు స్థానంలో రాజ్యాంగం వచ్చింది. మూడో షెడ్యూలులోని పాఠంలో రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత ప్రధానమయ్యాయి. దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను కాపాడతానన్న మాటలు మొదట అందులో లేవు. ద్రావిడ మున్నేట్ర కళగం ప్రత్యేక దేశ నినాదం ఎత్తుకున్న రోజుల్లో, 1963లో, పదహారో సవరణ ద్వారా వాటిని చేర్చారు. నామినేషన్ వేసే అభ్యర్థి సైతం అదే ప్రమాణం చేయాలన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది.

దైవసాక్షిగా ప్రమాణం చేయాలా, మనస్సాక్షిగా చేయాలా అన్నది సభ్యుని ఇష్టం. ఈ వెసులుబాటు వెనుక బ్రిటన్ అనుభవం ఉంది. 1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచిన నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లాను ప్రమాణం విషయంలోనే కామన్స్ సభ అడ్డుకుంది. మళ్లీమళ్లీ గెలిచినా 1886 వరకు ఆయన స్థానం ఖరారు కాలేదు. 1888 ప్రమాణాల చట్టం ఆయన పోరాట ఫలమే. మరుసటి ఏడాది బొంబాయి కాంగ్రెస్ మహాసభకు వచ్చినది ఈ బ్రాడ్లానే.

భాష గొడవకు మహారాష్ట్రను చెప్పుకోవాలి. 2009 నవంబరులో అబూ అజ్మీ హిందీలో ప్రమాణం చేస్తుండగా మహారాష్ట్ర నవనిర్మాణ సేన సభ్యులు సభలోనే ఆయనపై చేయిచేసుకున్నారు. నలుగురిని నాలుగేళ్లపాటు సస్పెండ్ చేశారు. ప్రమాణాల రోజునే సస్పెన్షన్ పడటం అరుదు.

తొలి సమావేశం మొదలయ్యే క్షణానికి పాత స్పీకర్ పదవి ముగుస్తుంది. అందుకని గవర్నర్ 180వ అధికరణ కింద ఒక సభ్యుణ్ని ప్రొటెం స్పీకర్‌గా నియమించి, ముందుగా ఆయనచేత ప్రమాణం చేయిస్తారు. సీనియర్‌ను ఎంచుకోవడం ఆనవాయితీయే తప్ప నిబంధన కాదు. 2014లో తెలంగాణ తొలి సభకు ప్రతిపక్ష కాంగ్రెస్ నాయకుడు జానారెడ్డి ప్రొటెం స్పీకర్ అయితే ఎవరికీ అభ్యంతరం కలగలేదు. 2023 డిసెంబరులో మజ్లిస్ నేత అక్బరుద్దీన్ ఒవైసీని నియమించినప్పుడు బీజేపీ సభ్యులు ఆయన ఎదుట ప్రమాణానికి నిరాకరించి, గడ్డం ప్రసాద్ కుమార్ స్పీకర్‌గా ఎన్నికయ్యాక చేశారు. అదే సభకు ఎన్నికై, తుంటి ఎముక విరిగి ఆస్పత్రి పాలైన మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు 2024 ఫిబ్రవరి 1న స్పీకర్ చాంబర్‌లో ప్రమాణం చేశారు. జైల్లో ఉండి గెలిచిన అస్సాం నేత అఖిల్ గొగోయ్ 2021లో కోర్టు అనుమతితో వచ్చి చేయవలసి వచ్చింది.

ఎవరిని ముందు పిలవాలన్నదీ చిన్న విషయం కాదు. సాధారణంగా ముఖ్యమంత్రి, మంత్రులు, ప్రతిపక్ష నేత, ఆ తరువాత మిగతావారు. 2024 జూన్ 21న ఆంధ్రప్రదేశ్ సభలో గోరంట్ల బుచ్చయ్య చౌదరి కుర్చీలో ఉండగా మొదట చంద్రబాబు నాయుడు ప్రమాణం చేశారు. 2021 నవంబరులో, ముఖ్యమంత్రిగానే తిరిగివస్తానని సభ విడిచి వెళ్లిన మనిషి కావడంతో అందరి కళ్లూ ఆయనమీదే. 175 స్థానాల్లో 11 గెలిచిన పార్టీ నేత జగన్‌మోహన్ రెడ్డికి ప్రతిపక్ష నేత హోదా లేకపోయినా మంత్రుల తరువాత పిలిచారు. మరునాడు అయ్యన్నపాత్రుడు స్పీకర్‌గా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

స్పీకర్ ఎన్నిక తరువాతే బలపరీక్ష జరగాలన్న పట్టింపును కోర్టులు సడలించాయి. 2019 నవంబరులో మహారాష్ట్ర విషయంలో సుప్రీంకోర్టు, 27వ తేదీ సాయంత్రం 5 గంటల్లోగా ప్రమాణాలు పూర్తిచేసి ప్రొటెం స్పీకరే బలపరీక్ష జరపాలని ఆదేశించింది. ఆ గడువు రాకముందే ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ రాజీనామా చేశారు.

గవర్నర్ ప్రసంగం మొదట్లో ప్రతి సమావేశానికీ తప్పనిసరి. 1951లో తొలి సవరణతో దాన్ని ఎన్నికల తరువాతి మొదటి సమావేశానికీ, ఏటా తొలి సమావేశానికీ పరిమితం చేశారు.

ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటేసినా 193వ అధికరణ కింద రోజుకు రూ. 500 జరిమానా. 2001లో కేరళలో కొడుంగల్లూర్ సభ్యుడు ఉమేష్ చల్లియిల్ శ్రీనారాయణ గురు పేరు మీద చేసిన ప్రమాణం చెల్లదని హైకోర్టు తీర్పు ఇవ్వడంతో ఈ నిబంధన ఒక్కసారిగా వార్తల్లోకి వచ్చింది. రాజ్యాంగానికి వందకు పైగా సవరణలు జరిగినా ఆ అయిదు వందల అంకె మాత్రం 1950 నుంచి అలాగే ఉంది.