అమ్మ జబ్బు, రాయవేలూరు ఆసుపత్రి

మేల్పాడి, గుడియాత్తం ప్రాంతపు తెలుగువారికి రాయవేలూరు ఆసుపత్రి కొత్త కాదు. దాని కథను అందరూ ఒకే రాత్రి కాన్పు కష్టమై మరణించిన ముగ్గురు స్త్రీలతో మొదలుపెడతారు. అంతకు ముందే ఆ మిషనరీ ఇంట్లో ఉన్న జబ్బును మేమిక్కడ గుర్తుచేస్తున్నాము.

1870లో రాణిపేటలో పుట్టిన ఐడా స్కడర్‌కు మిషనరీ బతుకు ఇష్టం లేదు. తిండివనంలో తల్లి సోఫియా జబ్బుపడినందువల్లనే 1890లో అమెరికా నుంచి వచ్చింది. తల్లికి సాయంగా ఉన్న రోజుల్లోనే ఆ ముగ్గురి చావు చూసింది. వైద్యుడైన తండ్రి ఇంట్లోనే ఉన్నా, పరపురుషుడని ఆయన చేయి వారికి అందలేదు.

వైద్యం చదువుకొని ఐడా 1900లో వేలూరు చేరింది. ఆ ఏడే తండ్రి పోయాడు. తల్లి మాత్రం అమెరికాకు మరలిపోక కూతురి దగ్గరే ఉండిపోయింది. ఒక్క మంచంతో మొదలైన ఆ ఇంటి వైద్యానికి 1902లో షెల్ ఆసుపత్రి తోడైంది.