కారు అద్దం మీది ధర చీటీ



కూరల బజారులో మనకు ఎదురులేదు. వంకాయలవాడు ఒక ధర చెబితే మనం ఇంకొకటి చెబుతాం. కొసరుగా కొత్తిమీర కట్ట సంచిలో పడేదాకా అక్కణ్ణుంచి కదలం. అదే కొత్త కారు కొనడానికి షోరూముకు వెళ్ళామనుకోండి, ఒద్దికగా కుర్చీలో కూర్చుని మాట్లాడే పని మగవాళ్ళకు వదిలేస్తాం. లక్షల బేరం దగ్గర మన నోరెందుకు మూతపడుతుంది? ధైర్యం చాలకనా? కాదండీ. పక్క గంపలో వంకాయలు ఎంతకు అమ్ముతున్నారో మనకు తెలుసు. కారు సంగతి తెలియదు. అంతే తేడా. ఈ తెలియడం, తెలియకపోవడం వెనుక ఒక చరిత్ర ఉంది. అందులో ముఖ్యమైన ఘట్టాలు అమెరికాలో జరిగాయి.

మన పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవారు, పక్కవాడికి తెలియకూడదని. 1950 ప్రాంతాల్లో అమెరికా కార్ల దుకాణాల్లో తువ్వాలు లేదన్న మాటే గాని, తంతు దాదాపు అదే. కంపెనీ అనుకున్న ధర ఎంతో కొనేవాళ్ళకు తేలిగ్గా తెలిసేది కాదు. చాలామంది డీలర్లు కొత్త కారు ధరను ముందే పెంచి చెప్పేవారు. తరవాత, "మీ పాత కారుకు ఎవరూ ఇవ్వనంత ఇస్తున్నాం" అని ఊరించేవారు. కొన్నవాళ్ళు పాత కారు మంచి ధరకు పోయిందని సంబరపడేవారు. ఆ ఇచ్చిందంతా తమ జేబులోదేనని ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన సెనేటర్ మైక్ మన్రోనీ దీని మీద పట్టుబట్టాడు. ఆయన పూనికతో 1958లో ఒక చట్టం వచ్చింది. ప్రతి కొత్త కారు అద్దానికీ కంపెనీయే ఒక చీటీ అంటించాలి. అందులో కంపెనీ సూచించిన ధర, అదనపు సామాన్ల ధరలు, డీలరు దగ్గరికి చేర్చిన రవాణా ఖర్చు విడివిడిగా రాయాలి. కారు కొన్నవారి చేతికి వచ్చేదాకా దాన్ని ఎవరూ పీకకూడదు. ఇప్పటికీ అక్కడ ఆ కాగితాన్ని మన్రోనీ పేరుతోనే పిలుస్తారు.

అక్కడితో అన్యాయం తీరిందా అంటే, తీరలేదు. చీటీ మీద ఉన్నది కంపెనీ సూచించిన ధరే. డీలరు అందులో ఎంత తగ్గించగలడో ఆ కాగితం చెప్పదు. ఇయాన్ అయర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు షికాగో ప్రాంతంలో ఒక పరీక్ష పెట్టి, దాని ఫలితాలను 1991లో ప్రచురించాడు. ఇంచుమించు ఒకే వయసు, ఒకే తరహా దుస్తులు, ఒకే రకం మాటలు ఉండేలా స్త్రీలకూ పురుషులకూ తర్ఫీదు ఇచ్చి, బేరానికి పంపాడు. తెల్లజాతి మగవాడికి చెప్పిన చివరి ధరలో డీలరు లాభం వంద డాలర్లనుకుంటే, తెల్లజాతి స్త్రీకి చెప్పినదాంట్లో నూట నలభై. నల్లజాతి పురుషుడికి రెట్టింపు పైన, నల్లజాతి స్త్రీకి మూడు రెట్ల పైన! కారు అదే, మాటలవే. మారింది మనిషి మాత్రమే.

మరి దీనికి మందు? 2003లో ఫియోనా స్కాట్ మోర్టన్ అనే ఆర్థికశాస్త్రవేత్త, సహచరులతో కలిసి మరో లెక్క తీసింది. దుకాణంలో ఎక్కువ ధర ఇచ్చుకుంటున్న నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాలే ఇంటర్నెట్ ద్వారా విచారించి కొన్నప్పుడు తెల్లవారితో దాదాపు సమానంగా ఇచ్చాయట. ముందే ధర తెలుసుకుని వెళ్ళినవారికి రంగు అడ్డు రాలేదన్నమాట.

మన దేశంలో కథ వేరు. ఇక్కడ చాలాకాలం బేరమన్నదే లేదు, ఉన్నది క్యూ. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కోసం ఏళ్ళ తరబడి కాచుకునేవారు. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 రోడ్డెక్కినప్పుడు దాని ధర సుమారు 47,500 రూపాయలు. దానికీ క్యూయే! వంతు వచ్చినవాళ్ళలో కొందరు పైన డబ్బు పుచ్చుకుని కారు మారుబేరానికి అమ్ముకున్నారు. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తీసేశాక కంపెనీలు పెరిగాయి. అప్పటినుంచి కాచుకోవడం తగ్గింది, బేరానికి చోటు దొరికింది.

ఆ చోటు ఎక్కడుందో చూద్దాం. ఎక్స్‌షోరూం ధర, జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు - ఇవన్నీ విడివిడిగా రాసిన కొటేషన్ అడగండి. పన్ను ప్రభుత్వానిది, దాని మీద బేరం లేదు. ఇన్సూరెన్స్ మాత్రం వాళ్ళ దగ్గరే తీసుకోవాలని లేదు, బయట కూడా ధర కనుక్కోండి. "హ్యాండ్లింగ్" అని ఏదైనా కనిపిస్తే అదేమిటో అడగండి. నెలకు వాయిదా ఎంత అన్నదాన్ని పట్టుకోకండి, మొత్తం ఎంతో తేల్చమనండి. పాత కారు లెక్క, కొత్త కారు లెక్క కలవనివ్వకండి. మన్రోనీ కాలంనాటి కిటుకు ఇంకా బతికే ఉంది! ఇద్దరు ముగ్గురు డీలర్ల కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే, అవే మనకు పక్క గంపలు. సంవత్సరం మారే ముందు డిసెంబరులో తగ్గింపులు ఎక్కువ. కాకపోతే కారు తయారైన సంవత్సరం పాతదవుతుంది, అమ్మేటప్పుడు ఆ తేడా కనిపిస్తుంది. అదీ లెక్కలో వేసుకోండి.

గట్టిగా మాట్లాడనక్కరలేదు, ఎవరినీ నొప్పించనక్కరలేదు. చేతిలో కాగితం పెట్టుకుని నెమ్మదిగా అడిగితే చాలు. ఇంటి ఖర్చు పైసా పైసా లెక్క చూసే మనం, ఇంటికి వచ్చే అతి పెద్ద ఖర్చుల్లో ఒకదాని దగ్గర మాట్లాడకుండా కూర్చుంటే ఎలా? ఈసారి కుర్చీ కాస్త ముందుకు జరుపుకోండి.