మొదటి రూలా, చివరి రూలా?

రెండే లైన్లున్న యాక్సెస్ లిస్ట్ ఒకటి తీసుకుందాం. మొదటి లైను 192.168.1.0 నెట్‌వర్క్ మొత్తాన్నీ బయటికి పోనివ్వమంటుంది. రెండోది అందులోని 192.168.1.25 అనే ఒక్క మెషీన్‌ను ఆపమంటుంది. సిస్కో రౌటర్‌లో ఇలా రాస్తే ఆ మెషీన్ హాయిగా బయటికి పోతుంది. రౌటర్ పైనుంచి చదువుకుంటూ వచ్చి, కుదిరిన మొదటి లైనుతోనే తేల్చేస్తుంది, కిందివాటి మొహం చూడదు. అవే రూల్స్‌ను ఓపెన్‌బీఎస్‌డీలోని పీఎఫ్ అనే ప్యాకెట్ ఫిల్టర్‌కు అదే వరసలో రాసిస్తే మెషీన్ ఆగిపోతుంది. అక్కడ చివరగా కుదిరిన రూల్‌దే మాట. ఫిల్టర్ రూల్స్ చరిత్రలో సగం ఈ వరస గొడవే. మిగతా సగం జ్ఞాపకం గొడవ.

తొలినాళ్లలో రౌటర్ పని ప్యాకెట్‌కు దారి చూపడమే. 1988 నవంబర్ 2న మోరిస్ వర్మ్ వేల మెషీన్లను కుదేలు చేశాక, ఎవరిని రానివ్వాలన్న పట్టింపు పెరిగింది. మరుసటి ఏడాదే డెక్ కంపెనీకి చెందిన జెఫ్రీ మొగల్ ‘స్క్రీన్‌డీ’ గురించి ప్రకటించాడు. గేట్‌వేగా వాడే యూనిక్స్ మెషీన్‌లో, దాటించబోయే ప్యాకెట్ సంగతి కెర్నల్ ముందు ఈ ప్రోగ్రామ్‌ను అడిగేది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్ట్, ఒప్పుకోవాలా వద్దా అని దాని రూల్స్ చదివితే అర్థమయ్యేలా ఉండేవి.

నెట్‌వర్క్ వాళ్ల చేతికి బాగా అలవాటైంది మాత్రం సిస్కో పద్ధతి. 1 నుంచి 99 దాకా నంబరున్న లిస్టులు ప్యాకెట్ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే చూస్తాయి. 100 నుంచి 199 దాకా ఉన్నవి గమ్యం, ప్రోటోకాల్, పోర్ట్ కూడా చూస్తాయి. మాస్క్ తలకిందులు: 0 ఉన్నచోట అంకె కలవాలి, 255 ఉన్నచోట ఏదైనా ఫర్వాలేదు. 0.0.0.255 అని రాయాల్సిన చోట అలవాటు కొద్దీ 255.255.255.0 అని కొడితే, చివర సున్నా ఉన్న ప్రపంచంలోని అడ్రస్‌లన్నీ ఆ రూల్ కిందికి వస్తాయి. రౌటర్ ఏ తప్పూ చూపించదు. లిస్టు చివర, రాయకపోయినా, అన్నిటినీ ఆపే లైను ఒకటుంటుంది. సిస్కో రౌటర్ సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ పాత వెర్షన్లలో నంబర్ లిస్టులోంచి ఒక లైను తీసేయబోతే లిస్టంతా ఎగిరిపోయేది. అందుకే నోట్‌ప్యాడ్‌లో రాసుకుని పేస్ట్ చేసేవాళ్లం. టెల్‌నెట్‌లో కూర్చుని మన కనెక్షన్‌నే కోసేసుకునే ప్రమాదమూ ఉంది. పది నిమిషాల్లో రీలోడ్ అవమని ముందే చెప్పి ఉంచడం నేను అలా ఒకసారి బయటే చిక్కుకుపోయాకే నేర్చుకున్నాను.

1992లో బ్రెంట్ చాప్‌మన్ యూజ్‌నిక్స్ సదస్సు పేపర్‌లో ఈ బాధలన్నీ ఏకరువు పెట్టాడు. కొన్ని రౌటర్లు వేగం కోసం రూల్స్‌ను తమంతట తామే వరస మార్చేసుకుంటున్నాయనీ, రాసిన వరసలోనే నడపాలనీ అతని వాదన. ఆ పేపర్ ఇప్పటికీ పాతబడలేదని నా నమ్మకం.

ఇక జ్ఞాపకం. బయటినుంచి వచ్చిన ప్యాకెట్ మనం అడిగినదానికి జవాబేనా? ‘ఎస్టాబ్లిష్డ్’ అనే మాట రాస్తే సిస్కో రౌటర్ టీసీపీ హెడర్‌లో ఏసీకే, ఆర్‌ఎస్‌టీ బిట్లలో ఏదైనా ఉందేమో చూసి సరేననేది. ఆ బిట్ ఎవరైనా పెట్టుకోవచ్చు. యూడీపీకి అసలు అలాంటి బిట్లే లేవు. ఎఫ్‌టీపీ యాక్టివ్ మోడ్ మరీ అన్యాయం. మనం సర్వర్ 21 పోర్ట్‌కు వెళ్తే, డేటా ఇవ్వడానికి సర్వరే తన 20 పోర్ట్ నుంచి మన పెద్ద నంబర్ పోర్ట్‌కు ఎదురొస్తుంది. దానికోసం 20 నుంచి వచ్చేవాటిని 1023 పైన ఉన్న పోర్ట్‌లన్నిటికీ వదలాలి. దొంగ తన సోర్స్ పోర్ట్ 20గా పెట్టుకుంటే చాలు.

1994లో చెక్ పాయింట్ ఫైర్‌వాల్-1, జరుగుతున్న కనెక్షన్లను పట్టికలో గుర్తుపెట్టుకునే పద్ధతిని బజారుకు తెచ్చింది. లైనక్స్‌లో ఐపీఎఫ్‌డబ్ల్యూఅడ్మ్, ఐపీచెయిన్స్ దాటి, 2001 జనవరిలో 2.4 కెర్నల్‌తో ఐపీటేబుల్స్ వచ్చినప్పుడు ఆ జ్ఞాపకం కెర్నల్‌లోనే దొరికింది. పాత ఐపీచెయిన్స్‌లో రౌటర్ దాటే ప్యాకెట్ ఇన్‌పుట్, ఫార్వర్డ్, అవుట్‌పుట్ మూడు గొలుసులూ తిరిగేది. కొత్తదాంట్లో ఫార్వర్డ్ ఒక్కటే. పాత రూల్స్‌ను యథాతథంగా ఎక్కిస్తే, ఇన్‌పుట్‌లో ఆపినవి ఫార్వర్డ్‌లో దాటిపోయేవి.

అదే 2001లో లైసెన్స్ తగాదాతో ఓపెన్‌బీఎస్‌డీ ఐపీఫిల్టర్‌ను తీసేసింది. ఆ ఖాళీలో డేనియల్ హార్ట్‌మయర్ రాసినదే పీఎఫ్. కుదిరిన రూల్ దగ్గరే ఆగిపోవాలంటే ‘క్విక్’ అనాలి. కనెక్షన్‌ను గుర్తుపెట్టుకోమని ‘కీప్ స్టేట్’ అని ప్రతి రూల్‌కూ రాసే శ్రమ 2007లో 4.1తో తప్పింది, అది రాయకపోయినా ఉన్నట్టే.

లైనక్స్‌లో ఐపీటేబుల్స్ స్థానంలోకి 2014లో 3.13 కెర్నల్‌తో ఎన్‌ఎఫ్‌టేబుల్స్ వచ్చింది. 2019లో డెబియన్ 10 దాన్నే డిఫాల్ట్ చేసింది. మనం మాత్రం ఇంకా ఐపీటేబుల్స్ అనే టైప్ చేస్తున్నాం, కింద మెషీన్ దాన్ని కొత్త భాషలోకి తిప్పుకుంటోంది.