మా డబ్బు, మా లెక్క: ఒక హక్కు ఊరందరి పని ఎలా అయింది?

హక్కుల టాపిక్ వస్తే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఎవరి హక్కు వాళ్లు అడగడం మొదలుపెడితే ఇక కలిసి పనిచేసేదెవరు?" అని. దీనికి నాకు దొరికిన మంచి జవాబు రాజస్థాన్‌లో ఉంది.

అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ అక్కడి రైతులు, కూలీలతో కలిసి 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. ప్రభుత్వ పనులకు వెళ్లిన కూలీలకు కనీస కూలి చేతికి రాదు. అడిగితే రికార్డులో అంతే ఉందంటారు. ఆ రికార్డు మాత్రం చూపించరు.

1994 డిసెంబర్‌లో కోట్ కిరానాలో మొదటి జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ పెట్టారు. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. మస్టర్ రోల్‌లో వంద పేర్లున్నాయనుకోండి. నా పేరు ఎదురుగా రాసింది నిజమో కాదో నేను చెప్పగలను. పక్క పేరు సంగతి ఆ మనిషే చెప్పాలి. చనిపోయినవాళ్ల పేరుంటే వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పాలి. కట్టామని రాసిన గోడ ఉందో లేదో ఊరు చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో డేటా సరిచూసే పని చేసినవాడిగా చెప్తున్నా, ఇంత ముక్కలుగా ఉన్న నిజం ఒక్క ఆడిటర్‌కి దొరకదు. కాగితం చూసే హక్కు ఒక్కడికే ఇస్తే వాడికి తెలిసేది ఒక్క వరుస. అందుకే అందరిముందూ గట్టిగా చదివారు. పైగా, రేపు పని ఇవ్వాల్సిన సర్పంచ్ ఊళ్లోనే ఉంటాడు, అతని లెక్క తప్పని చెప్పడానికి పక్కనొకళ్లు ఉండాలి కదా!

1995లో ముఖ్యమంత్రి భైరాన్ సింగ్ షెకావత్ కాపీలు ఇస్తామని అసెంబ్లీలో చెప్పారు, ఇవ్వలేదు. 1996 ఏప్రిల్‌లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా. నినాదం "హమారా పైసా, హమారా హిసాబ్". పల్లె కూలీల కోసం ఆ పట్టణంవాళ్లు కూరగాయలు, ధాన్యం ఇచ్చారు. "నా కూలి" అని ఉంటే వాళ్లకేం పట్టింది? "మా డబ్బు" అనేసరికి అది వాళ్లదీ అయింది.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. చాలా పెద్ద విజయమే, కానీ దరఖాస్తు పెట్టేది ఒక్కడు, జవాబు కవర్ వచ్చేది వాడింటికే. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం మాత్రం, సెక్షన్ 17లో, లెక్కల తనిఖీని గ్రామసభకే ఇచ్చింది. నాకు ఇదే నచ్చుతుంది.

దీన్ని సీరియస్‌గా తీసుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. కూలీల కుటుంబాల పిల్లలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, జాబ్ కార్డులు సరిచూయించి, మండల సభలో చదివించారు. తేలిన సొమ్ములో వెనక్కి రాబట్టింది మాత్రం కొంతే.